డిఫరెన్షియల్ ఇన్‌పుట్‌కు రెండు తీగలు బిగిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడ వాసిని. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడు పూర్తి చేసి, ఇరవై రెండేళ్ళుగా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఉప్పుడు బియ్యం మిల్లుల్లో డ్రయ్యర్లకు, బాయిలర్లకు, హాపర్ (ధాన్యం పోసే తొట్టి) కాంటాలకు సెన్సర్లు బిగించే పని చేస్తున్నాను. ఒకప్పుడు డ్రయ్యర్ దగ్గర డయల్ చూసి గంటకోసారి రిజిస్టరులో రాసుకునేవారు. ఇప్పుడు ఓ మోస్తరు మిల్లులో కూడా ప్యానెల్ లోపల డేటా అక్విజిషన్ పెట్టె, అంటే సెన్సర్ల వోల్టేజీని అంకెలుగా మార్చే పెట్టె, ఒకటి ఉంటున్నది. దాని అంకెలు కంప్యూటర్ తెర మీదికి వస్తున్నాయి, ఆ అంకెలను నమ్మి ఆవిరి వాల్వు తిప్పుతున్నారు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబ్‌లలోకి కూడా ఇవే పెట్టెలు చేరుతున్నాయి. అందుకు సంతోషమే. అయితే వాటి అనలాగ్ ఇన్‌పుట్‌లకు తీగలు బిగించే తీరు, ముఖ్యంగా డిఫరెన్షియల్ పద్ధతిలో (రెండు తీగల మధ్య తేడాను కొలిచే పద్ధతిలో) బిగించే తీరు, మన పిల్లలకు సగమే అందుతున్నది. ఆ మిగిలిన సగం గురించే ఈ లేఖ.

పోయిన యాసంగిలో ఒక మిల్లు డ్రయ్యర్‌కు ఎనిమిది కె టైపు థర్మోకపుల్‌లు (వేడిని చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్లు) కొత్తగా బిగించారు. పని చేసిన కుర్రవాడు డిప్లొమా చదివినవాడు, శ్రద్ధ గలవాడు. సాఫ్ట్‌వేర్‌లో డిఫరెన్షియల్ అని ఎంచుకున్నాడు. ఒక్కో థర్మోకపుల్ ప్లస్ తీగను ప్లస్ టెర్మినల్‌కు, మైనస్ తీగను మైనస్ టెర్మినల్‌కు బిగించాడు. లగ్గులు గట్టిగా వేశాడు, ప్రతి తీగకూ నంబరు తొడిగాడు. పని చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. పెట్టె ఆన్ చేసిన మొదటి నిమిషం అన్ని ఛానళ్ళూ గది వేడిమినే చూపించాయి. తర్వాత మూడో ఛానల్ మెల్లగా పైకి జరగడం మొదలుపెట్టి, కాసేపటికి పెట్టె చూపగల అన్నిటికన్నా పెద్ద అంకెను తాకి అక్కడే నిలిచిపోయింది. ఐదోది కిందికి జారింది. కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే అంకె మారేది, వదిలితే మళ్ళీ జారేది. ఎలివేటర్ మోటార్ మొదలుకాగానే ఎనిమిదీ ఒక్కసారిగా ఎగిరిపడేవి. అమ్మినవారికి ఫోన్ చేస్తే థర్మోకపుల్‌లు చెడిపోయి ఉంటాయి, మార్చమన్నారు. రెండు మార్చారు. డబ్బు ఖర్చయింది గాని అంకెల తీరు మారలేదు.

నన్ను పిలిచిన రోజు నేను ముందుగా తీగలను పెట్టె నుంచి విప్పి, ఒక్కో థర్మోకపుల్ తీగకూ దాని ఉక్కు తొడుగుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూశాను. ఎక్కడా తగలడం లేదు. అంటే ఎనిమిదీ ఏ ఎర్త్‌కూ అంటని సెన్సర్లే. తీగలను మళ్ళీ బిగించి, జానెడు తీగ ముక్కలు ఎనిమిది కోసి, ప్రతి ఛానల్ మైనస్ టెర్మినల్‌ను పెట్టె మీది అనలాగ్ గ్రౌండ్ టెర్మినల్‌కు కలిపాను. అంకెలు నిలబడ్డాయి. ఆ కుర్రవాడు చాలాసేపు తెర వంకే చూసి, "అన్నా, డిఫరెన్షియల్ అంటే గ్రౌండ్‌తో పని లేదనే కదా మాకు చెప్పింది?" అని అడిగాడు. అలా చెప్పినవారిని నేను తప్పు పట్టను, ఎందుకంటే వారు చెప్పింది అబద్ధం కాదు, అసంపూర్ణం. కానీ ఆ అసంపూర్ణమైన మాటను నమ్మినందుకు ఒక మిల్లు పది రోజులు తప్పుడు అంకెల మీద నడిచింది.

సింగిల్ ఎండెడ్ పద్ధతిలో పెట్టె ఒక్క తీగ వోల్టేజీని తన గ్రౌండ్‌తో పోల్చి కొలుస్తుంది. డిఫరెన్షియల్ పద్ధతిలో రెండు తీగలను ఒకదానితో ఒకటి పోల్చి, వాటి మధ్య తేడాను మాత్రమే కొలుస్తుంది. పాతకాలపు చేతి త్రాసును గుర్తు చేసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. త్రాసు పట్టిన చెయ్యి పైకి లేచినా, కిందికి దిగినా ముల్లు కదలదు, రెండు తట్టల బరువుల్లో తేడా ఉంటేనే కదులుతుంది. మోటార్ల వల్ల, పక్క కేబుళ్ళ వల్ల రెండు తీగల మీదా సమానంగా పడే వోల్టేజీ చెయ్యి ఎత్తడం, దించడం వంటిది. దాన్నే కామన్ మోడ్ వోల్టేజీ అంటారు, మంచి యాంప్లిఫయర్ దాన్ని లెక్కలోకి రానీయదు. ఇంతవరకు అందరూ నేర్పుతున్నారు. కానీ త్రాసును పట్టుకునే చెయ్యి ఒకటి ఉండాలి కదా. అదే లేకపోతే త్రాసు నేల మీద పడి ఉంటుంది, తట్టల్లో ఏమున్నా ముల్లుకు పని లేదు. సెన్సర్ ఏ ఎర్త్‌కూ తగలకుండా ఉన్నప్పుడు దాన్ని పట్టుకునే చెయ్యి మనమే ఇవ్వాలి.

కారణం కంటికి కనబడనంత చిన్నది. పెట్టె లోపలి యాంప్లిఫయర్ తన రెండు ఇన్‌పుట్‌ల దగ్గరా నానోఆంపియర్లలోనో, అంతకన్నా తక్కువలోనో ఉండే బయాస్ కరెంటును తీసుకుంటూనో వదులుతూనో ఉంటుంది. ఆ కరెంటు గ్రౌండ్‌కు తిరిగి చేరే దారి లేనప్పుడు ఛార్జి తీగల మీద పేరుకుంటుంది, రెండు తీగలూ కలిసి ఒక వైపుకు కొట్టుకుపోతాయి, చివరకు యాంప్లిఫయర్ పనిచేయగల హద్దు దాటుతాయి. ఆ మిల్లులో మూడో ఛానల్ మెల్లగా పైకి పోయింది ఇందుకే. థర్మోకపుల్ వంటి తక్కువ రెసిస్టెన్స్ సెన్సర్‌కు, అంటే 100 ఓమ్‌ల లోపు ఉన్నదానికి, మైనస్‌ను నేరుగా అనలాగ్ గ్రౌండ్‌కు కలిపితే చాలు. అంతకన్నా ఎక్కువ ఉన్న సెన్సర్‌కు రెండు తీగల నుంచీ చెరొక సమానమైన రెసిస్టర్‌ను, మామూలుగా 10 కిలో ఓమ్‌ల నుంచి 100 కిలో ఓమ్‌ల దాకా ఉండేదాన్ని, గ్రౌండ్‌కు వేయాలి. రెండింటినీ సమానంగా వేయమనడం ఎందుకంటే, బయటి నుంచి పడే నాయిస్ రెండు తీగల మీదా ఒకే తీరుగా పడితేనే తేడాలో అది కనబడకుండా పోతుంది. విలువ కూడా చేతికి దొరికినది వేసేది కాదు. సెన్సర్ రెసిస్టెన్స్ 2 కిలో ఓమ్‌లు ఉండి, మనం రెండు వైపులా 100 కిలో ఓమ్‌లు వేస్తే, సెన్సర్ మీద 200 కిలో ఓమ్‌ల భారం పడి కొలత ఒక శాతం తక్కువ చూపిస్తుంది.

ఇది చదివి, ఇక ప్రతి డిఫరెన్షియల్ ఛానల్‌కూ మైనస్‌ను గ్రౌండ్‌కు కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటే, ఈ లేఖ మేలుకన్నా కీడే ఎక్కువ చేసినట్లవుతుంది. వేడిని త్వరగా అందుకోవడం కోసం కొన్ని థర్మోకపుల్‌ల కొనను ఉక్కు తొడుగుకే వెల్డ్ చేసి ఉంచుతారు. ఆ తొడుగు డ్రయ్యర్ ఇనుముకు తగులుతుంది, డ్రయ్యర్ ఇనుము తన ఎర్త్ గుంతకు కలిసి ఉంటుంది, పెట్టె గ్రౌండ్ ఎక్కడో యాభై మీటర్ల అవతల కంట్రోల్ రూము ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఇటువంటి సెన్సర్ మైనస్‌ను మళ్ళీ పెట్టె గ్రౌండ్‌కు కలిపితే, రెండు ఎర్త్ గుంతల మధ్య ఉన్న వోల్టేజీ తేడా వల్ల వచ్చే కరెంటు ఆ సన్నని థర్మోకపుల్ తీగ గుండా పారడానికి దారి ఇచ్చినట్లే. మన నల్లగొండ, పాలమూరు నేలల్లో కాస్త తవ్వితే మొరం, దాని కింద రాయి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోసేవారు లేకపోతే నేల ఎండి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, మోటార్ల నుంచి కారే కొద్దిపాటి లీకేజీకే రెండు గుంతల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చేది సరిగ్గా ఆ ఎండల్లోనే. వానాకాలంలో బాగా పనిచేసిన వైరింగ్ ఏప్రిల్‌లో మొరాయించిందని నన్ను పిలిచిన చోట్లు ఉన్నాయి. అక్కడ సెన్సర్ చెడలేదు, పెట్టె చెడలేదు, గుంత ఎండింది, అంతే.

ఆ తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. కె టైపు థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది, 100 డిగ్రీల తేడాకు మొత్తం 4.1 మిల్లీవోల్టులే. రెండు ఎర్త్‌ల మధ్య ఒక్క వోల్టు తేడా ఉంటే అది ఆ సిగ్నల్‌కు 240 రెట్లకు పైగా ఉంటుంది. సింగిల్ ఎండెడ్ పద్ధతిలో అసలు సిగ్నల్ కనబడదు. డిఫరెన్షియల్‌లో, కామన్ మోడ్‌ను 80 డెసిబెల్ మేరకు తోసిపుచ్చే పెట్టె అయితే, ఆ ఒక్క వోల్టు పది వేలవ వంతుకు తగ్గి 0.1 మిల్లీవోల్టు అవుతుంది. అయినా అది రెండు డిగ్రీలకు పైనే. కాబట్టి డిఫరెన్షియల్ అన్న మాట ఒక్కటే కాపాడదు. రెండు తీగలూ మెలి తిప్పిన జతగా ఉండాలి, షీల్డును (కేబుల్ లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) ఒక్క చివరే ఎర్త్ చేయాలి, మోటార్ డ్రైవ్ కేబుళ్ళు ఉన్న ట్రేలో ఈ కేబుల్‌ను వేయకూడదు. షీల్డు ఏ చివర అన్నదానికి కూడా లెక్క ఉంది. సెన్సర్ ఎర్త్‌కు తగిలి ఉంటే సెన్సర్ వైపు, తగలకుండా ఉంటే పెట్టె వైపు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి దాని ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు; కొలతలను 20 మిల్లీసెకన్ల గుణిజాల్లో సగటు తీస్తే మిగిలిన కరెంటు గలాటా చాలావరకు రద్దవుతుంది. వడ్లు అవసరానికి మించి వేడెక్కి గబగబా ఎండితే గింజలో పగుళ్ళు పడి నూక పెరుగుతుందని మిల్లు నడిపేవారికి నేను చెప్పనక్కరలేదు. తెర మీద రెండు మూడు డిగ్రీల తప్పు వారికి లెక్కలేనిది కాదు.

హాపర్ కాంటా సంగతి దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందుకే దాన్ని విడిగా చెప్పాలి. లోడ్‌సెల్‌కు (బరువును వోల్టేజీగా మార్చే సెన్సర్‌కు) 10 వోల్టుల సరఫరా ఇస్తే, దాని రెండు సిగ్నల్ తీగలూ సరఫరా మైనస్ నుంచి చూస్తే సుమారు 5 వోల్టుల ఎత్తులో ఉంటాయి. సరఫరాలో ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్ అయితే పూర్తి బరువు పడినప్పుడు వాటి మధ్య తేడా 20 మిల్లీవోల్టులు. 5 వోల్టుల ఎత్తున కూర్చున్న ఆ 20 మిల్లీవోల్టులే మనకు కావలసిన బరువు. ఇక్కడ గ్రౌండ్‌కు కలపవలసింది సరఫరా మైనస్‌ను. సిగ్నల్ మైనస్‌ను కాదు. థర్మోకపుల్‌కు చేసిన అలవాటు కొద్దీ సిగ్నల్ మైనస్‌ను కూడా గ్రౌండ్ చేసిన చోట, సెల్ లోపలి బ్రిడ్జిలో (నాలుగు రెసిస్టర్లను చతురస్రంగా కలిపిన అమరికలో) ఒక చెయ్యి షార్ట్ అయి, ఖాళీ హాపర్‌కే తెర మీద అంకె ఆ చివరకు వెళ్ళి కూర్చున్నది. లోడ్‌సెల్ కాలిపోయిందని విప్పి పక్కన పడేశారు. దాన్ని నేను తీసుకుని బెంచి మీద పరీక్షిస్తే నిక్షేపంగా ఉంది. ఇంకొకచోట తీగలు సరిగ్గానే ఉన్నాయి కాని రేంజి, అంటే పెట్టె కొలిచే వోల్టేజీ హద్దులు, మార్చలేదు. మైనస్ 10 నుంచి ప్లస్ 10 వోల్టుల రేంజిలో 12 బిట్ల పెట్టెకు, అంటే మొత్తం రేంజిని 4096 మెట్లుగా విడగొట్టేదానికి, ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. 20 మిల్లీవోల్టుల్లో అటువంటి మెట్లు నాలుగే. టన్ను కెపాసిటీ సెల్ మీద ఒక్కో మెట్టు 244 కిలోలు. కాంటా పావు టన్ను చొప్పున గంతులు వేస్తుంటే హమాలీలు, గుమస్తా ఒకరినొకరు అనుమానించుకున్నారు.

కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపే ట్రాన్స్‌మిటర్లకు 250 ఓమ్‌ల రెసిస్టర్ వేసి 1 నుంచి 5 వోల్టులుగా చదువుతాం. ఆ రెసిస్టర్‌ను 24 వోల్టుల ప్లస్ వైపు వేస్తే తేడా సరిగ్గానే ఉన్నా రెండు తీగలూ 20 వోల్టుల దరిదాపుల్లో ఉంటాయి. మామూలు పెట్టె ఒక్కో తీగకు తన గ్రౌండ్ నుంచి సుమారు 10 వోల్టులకు మించి ఒప్పుకోదు. రెసిస్టర్ మైనస్ వైపు ఉండాలి. అలాగే 16 ఛానళ్ళ పెట్టె డిఫరెన్షియల్‌లో 8 ఛానళ్ళే ఇస్తుంది. చాలా కార్డుల్లో 0కు జత 8, 1కి జత 9. పక్కపక్కనే ఉన్నాయని 0కు 1ని జత చేసేవారున్నారు. 16 సెన్సర్లు కావాలని 16 ఛానళ్ళ పెట్టె ఒక్కటే కొని, ఛానళ్ళు చాలక అన్నీ సింగిల్ ఎండెడ్‌లో బిగించడం ఇంకో తీరు. కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరొకటి. ఈ పెట్టెల్లో చాలావాటిలో కొలిచే భాగం ఒక్కటే ఉంటుంది, ఛానళ్ళను వంతులవారీగా దానికి కలుపుతారు. ఒక ఛానల్ తీగ తెగిపోయి ఊరికే వేలాడుతుంటే, దాని ముందు చదివిన ఛానల్ వోల్టేజీ లోపల మిగిలిపోయి, తెగిన ఛానల్ కూడా దాదాపు అదే అంకెను చూపించవచ్చు. అంటే చనిపోయిన థర్మోకపుల్ పక్కదాని వేడినే తనదిగా చూపిస్తుంది, తెర చూసేవారికి అనుమానమే రాదు. డ్రయ్యర్‌లో అయితే నూకతో పోతుంది. బాయిలర్ దగ్గర అలా కాదు. వాడని ఛానళ్ళ రెండు టెర్మినళ్ళనూ గ్రౌండ్‌కు షార్ట్ చేయడం, అప్పుడప్పుడు ఒక్కో తీగ విప్పి తెర ఏం చూపిస్తుందో పరీక్షించడం ఈ కారణంగానే.

మన జిల్లాకు మరీ దగ్గరి విషయం ఒకటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడుతో కొలిచేటప్పుడు, ఫ్లోరైడ్ పది రెట్లు మారితే వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. భారత ప్రమాణాల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము మేలైన హద్దు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఈ రెండింటి మధ్య తేడా ఎలక్ట్రోడు దగ్గర దాదాపు 10 మిల్లీవోల్టులు మాత్రమే. ఒక ఎర్త్ గుంత ఎండితే వచ్చే తప్పు అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఆపైన ఇటువంటి ఎలక్ట్రోడుల రెసిస్టెన్స్ చాలా ఎక్కువ. ఎక్కువ రెసిస్టెన్స్ సెన్సర్లకు పైన చెప్పిన 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దీనికి వేస్తే సిగ్నల్ అక్కడే కుంగిపోతుంది. దీనికి ముందు అతి ఎక్కువ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ గల బఫర్ యాంప్లిఫయర్ పెట్టి, ఆ తర్వాతే పెట్టెకు కలపాలి. కాళ్ళు వంకర్లు పోయిన పెద్దలను చూస్తూ పెరిగిన జిల్లా ఇది. ఇక్కడి కళాశాలలో ప్రాజెక్టు పేరుతో పిల్లలు ఒక ఊరి బోరు నీళ్ళు కొలిచి, మంచివని గానీ చెడ్డవని గానీ చెబితే ఆ ఊరివాళ్ళు నమ్ముతారు. ఆ అంకె వెనుక ఉన్న తీగ ఎక్కడ కలిసిందో ఆ పిల్లలకు తెలిసి ఉండాలి.

అందువల్ల నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఐటీఐ, పాలిటెక్నిక్ అధ్యాపకులను నేను కోరేది ఒక్కటే. డిఫరెన్షియల్ ఇన్‌పుట్ పాఠాన్ని బోర్డు మీద యాంప్లిఫయర్ బొమ్మతో ముగించకుండా, ఒక పూట ప్రాక్టికల్‌గా చేయించండి. దానికి ఒకటిన్నర వోల్టు సెల్లు ఒకటి, రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, నాలుగు మీటర్ల తీగ చాలు. సెల్లును గ్రౌండ్ లేకుండా బిగించి, పక్కన డ్రిల్లింగ్ మెషీన్ నడిపి, తీగను చేత్తో పట్టుకుని, వదిలి, అంకె ఏమవుతుందో పిల్లలు స్వయంగా రాసుకోవాలి. తర్వాత రెసిస్టర్లు వేసి మళ్ళీ రాసుకోవాలి. ఇదంతా తెలుగులో చెప్పవచ్చు. కామన్ మోడ్, బయాస్ కరెంటు వంటి మాటలకు కొత్త పదాలు పుట్టించనక్కరలేదు, వాటి భావం తెలుగులో తలకెక్కితే చాలు. మీ పత్రిక విద్యా పేజీలో ఇటువంటి ప్రయోగాలకు అప్పుడప్పుడు చోటిస్తే, ఇంగ్లిషు మాన్యువల్ ముందు తలవంచుకుని కూర్చునే పిల్లలకు పెద్ద ఆసరా అవుతుంది.

మిల్లు యజమానులను కోరేది కూడా ఉంది. పని అప్పగించేవారి దగ్గర బిల్లుతో పాటు ఒక కాగితం అడిగి తీసుకోండి. ఒక్కో ఛానల్‌కూ సెన్సర్ ఎర్త్‌కు తగిలి ఉందా లేదా, గ్రౌండ్ ఎక్కడ కలిపారు, షీల్డు ఏ చివర ఎర్త్ చేశారు, రేంజి ఎంత పెట్టారు అన్నవి అందులో ఉండాలి. ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించుకుంటే, ఐదేళ్ళ తర్వాత ఎవరు వచ్చి విప్పినా వారికి దారి తెలుస్తుంది. మొదట నేను చెప్పిన కుర్రవాడు ఈ వానాకాలం ఇంకో మిల్లులో పని చేసి, అలాంటి కాగితం తన చేత్తో రాసి నాకు ఫోటో పంపాడు. అందులో ఆరో ఛానల్ ఎదుట, "కొన తొడుగుకు తగులుతున్నది, మైనస్ గ్రౌండ్‌కు కలపలేదు" అని ఉంది.

ఇట్లు,
ఒక ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా